గోలీ మీది అంకె చదవండి

(చెన్నూరులో మహిళా సంఘం సభ్యులతో ఒక నర్సు చెప్పిన మాటలు)



పత్తి ఏరి వస్తే నడుం నొప్పి. నాట్లు వేసి వస్తే కాళ్ళ నొప్పి. బీడీలు చుట్టేవాళ్ళకు మెడ నొప్పి, భుజాల నొప్పి. అప్పుడు మనం ఏమంటాం? "ఒక గోలీ ఏసుకుంటే పాయె" అంటాం. గూట్లో ఉన్న గోలీ మింగుతాం. లేకుంటే పిల్లగాణ్ణి కిరాణం దుకాణానికి పంపుతాం.

గోలీ వేసుకోవడం తప్పు కాదు. అది ఏ గోలీ, ఎంత వేసుకోవాలి, ఎన్నిసార్లు వేసుకోవాలి? ఇది తెలియకుండా వేసుకోవడమే తప్పు. ఈ రోజు ఆ మాటే చెప్పుకుందాం.

జ్వరానికి, నొప్పికి మనం ఎక్కువగా వాడే మందు పారాసిటమాల్. ఈ పేరు మీ నోటుబుక్కులో రాసుకోండి. పా-రా-సి-ట-మాల్. డోలో, క్రోసిన్, కాల్‌పాల్ అని దుకాణంలో రకరకాల పేర్లు వింటాం. పేర్లు వేరు. లోపలి మందు ఒక్కటే.

షీటు మీద పేరు ఇంగ్లీషులో ఉంటుంది. "మేం తెలుగే ఇప్పుడిప్పుడు నేర్చుకున్నం, ఇంగ్లీషు ఎట్ల చదువుతం?" అని మీరు అడుగుతారు. నిజమే. కానీ మీకు అంకెలు వచ్చు కదా! షీటు మీద 500 అనో, 650 అనో ఉంటుంది. ఒక గోలీలో ఎన్ని మిల్లీగ్రాముల మందు ఉన్నదో ఆ అంక చెబుతుంది. అది చదవగలిగితే సగం పని అయినట్టే.

ఇప్పుడు లెక్క వినండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు 500 గోలీ ఒకటి వేసుకోవాలి. తగ్గకుంటే ఒకేసారి రెండు వేసుకోవచ్చు. 650 గోలీ అయితే ఒక్కటి చాలు. మళ్ళీ వేసుకోవడానికి 6 గంటలు ఆగాలి. ఎంత నొప్పి ఉన్నా ఒక పగలు, ఒక రాత్రి కలిపి 4000 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే 500 గోలీలు 8. అది చివరి హద్దు. రోజూ అంత వేసుకోమని కాదు. బక్కగా ఉన్నవాళ్ళు, కామెర్లు వచ్చినవాళ్ళు, రోజూ కల్లో సారానో తాగేవాళ్ళు ఇంకా తక్కువ వేసుకోవాలి. ఎంత అన్నది డాక్టరును అడగాలి.

హద్దు దాటితే ఏమవుతుంది? మేక కూరలో కార్జం అంటాం కదా. అది మన కడుపులోనూ ఉంటుంది. దాన్నే కాలేయం అంటారు. మనం మింగిన పారాసిటమాల్‌ను విరిచి బయటికి పంపేది అదే. ఆ పనిలో కొంచెం విషం పుడుతుంది. కొంచెం అయితే కాలేయం తట్టుకుంటుంది. మోతాదు మించితే ఆ విషమే కాలేయాన్ని చంపుతుంది.

ఇంకో మోసం కూడా ఉంది. మొదటి రోజు పెద్దగా ఏమీ తెలియదు. కడుపులో తిప్పుతుంది, వాంతి అవుతుంది. కొందరికి అదీ ఉండదు. రెండు మూడు రోజులకు కళ్ళు పచ్చబడతాయి. అప్పటికి ఆలస్యం అవుతుంది. దీనికి దవాఖానలో విరుగుడు మందు ఉంది. 8 గంటల లోపల ఇస్తే బాగా పని చేస్తుంది. అందుకే ఎవరైనా ఎక్కువ గోలీలు మింగితే, "బాగానే ఉన్నది కదా" అని ఊరుకోవద్దు. 108కి ఫోన్ చేయండి. ఖాళీ షీటు కూడా వెంట తీసుకుపోండి.

"అన్ని గోలీలు ఎవరు మింగుతరు?" అంటారా? తెలిసి ఎవరూ మింగరు. ఒక అక్క సంగతి అనుకుందాం. ఆమెకు జ్వరం, సర్ది, పెయ్యి నొప్పులు. 650 గోలీలు పొద్దున రెండు, మధ్యాహ్నం రెండు, రాత్రి రెండు వేసుకున్నది. ఆరు గోలీలు, 3900 మిల్లీగ్రాములు. సర్దికి వేరే గోలీ మూడుసార్లు వేసుకున్నది. ఆ సర్ది గోలీలోనూ 500 పారాసిటమాల్ ఉన్నది. అది 1500. రెండూ కలపండి. 5400! హద్దు దాటింది. ఆమె మాత్రం జ్వరానికి ఒకటి, సర్దికి ఒకటి అనుకున్నది.

అందుకే దుకాణంలో ఒక మాట అడగండి: "ఇందులో పారాసిటమాల్ ఉన్నదా?" అడగడానికి సిగ్గుపడవద్దు. పైసలు ఇచ్చి కొంటున్నాం.

పిల్లల మందు దగ్గర ఇంకా జాగ్రత్త. సీసా మీద 125 అని ఉంటుంది. ఇంకో సీసా మీద 250 అని ఉంటుంది. అదే చెంచా, కానీ మందు రెండింతలు! పిల్లల మోతాదు బరువును బట్టి ఉంటుంది. బరువు తూయించి, ఎన్ని మిల్లీలీటర్లు పోయాలో అడిగి రాసుకోండి. ఇంట్లో చెంచా వద్దు. సీసాతో వచ్చిన మూతతోనే కొలవండి. పెద్దల గోలీ విరిచి పిల్లలకు వేయవద్దు.

ఇక గట్టి నొప్పుల గోలీలు. వాటిలో డైక్లోఫెనాక్ ఒకటి. ఇది పారాసిటమాల్ కాదు. దీని కథ మన దగ్గరే ఉన్నది. పాత ఆదిలాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట ఉంది. అక్కడ 2013లో రాబందులు కనబడితే అందరూ సంబరపడ్డారు. ఎందుకంటే దేశమంతా రాబందులు చచ్చిపోయినయి. పశువులకు నొప్పి తగ్గడానికి డైక్లోఫెనాక్ ఇచ్చేవారు. చచ్చిన పశువును తిన్న రాబందుల కిడ్నీలు చెడిపోయినయి. 2006లో పశువులకు ఆ మందు వాడకుండా ప్రభుత్వం నిషేధించింది.

మనుషులకు ఆ మందు ఇప్పటికీ ఇస్తున్నారు. మనం రాబందులంత సున్నితం కాదు. డాక్టరు చెప్పినన్ని రోజులు వాడితే మేలే. కానీ ఎండలో పని చేసి, నీళ్ళు తాగక, రోజూ మింగితే మన కిడ్నీలకూ దెబ్బ తగులుతుంది. కడుపులో పుండు పడుతుంది. గర్భిణులు డాక్టరును అడగకుండా అసలు వేసుకోవద్దు. ఇలాంటి మందుల షీటు మీద నిలువుగా ఎర్ర గీత ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా కొనవద్దని దాని అర్థం. ఆ గీత చూడడానికి ఇంగ్లీషు అక్కరలేదు.

ఇంకో రెండు మాటలు. తునికాకు తెంపే కాలంలో వడదెబ్బ తగిలితే ఒళ్ళు కాలిపోతుంది. దానికి జ్వరం గోలీ పని చేయదు. నీడకు చేర్చాలి, తడి బట్టతో తుడవాలి, దవాఖానకు తీసుకుపోవాలి. జ్వరం మూడు రోజులు దాటితే కూడా గోలీతో నెట్టుకు రావద్దు. అది మలేరియానో, డెంగీనో కావచ్చు. రక్త పరీక్ష చేయించాలి. డెంగీలో గట్టి నొప్పుల గోలీ వేసుకుంటే రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది.

ఈ రాత్రి ఇంటికి పోయాక ఒక పని చేయండి. గూట్లో ఉన్న గోలీలన్నీ బయటికి తీయండి. వాడవలసిన గడువు నెల, ఏడాది చూడండి. గడువు దాటినవి పక్కన పెట్టండి. 500, 650 చదవండి. ఎర్ర గీత ఉందేమో చూడండి. పేరు తెలియనిది ఆశమ్మకు చూపించి, తెలుగులో చీటీ రాసి అంటించండి. పిల్లలకు అందకుండా పైన పెట్టండి. గోలీ వేసుకున్నప్పుడు ఎన్ని గంటలకు వేసుకున్నారో గోడ క్యాలెండరు మీద రాయండి.

సంతకం పెట్టడానికే కాదు, ప్రాణం కాపాడుకోవడానికీ అక్షరం, అంకె పనికి వస్తాయి. వచ్చే సమావేశానికి మీ ఇంటి గోలీల షీట్లు తెండి. అందరం కలిసి చదువుదాం.

సెలవు.