64 ఆ, 128 ఆ? ఏఆర్ఎం కెర్నల్‌లో ఒక్క అంకె కథ

ఈ ఎపిసోడ్ కెర్నల్ వైపు పనిచేసేవాళ్ల కోసం, ముఖ్యంగా డ్రైవర్లు రాసేవాళ్ల కోసం. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఈ పని చేసేవాళ్లు మనవాళ్లు చాలామందే ఉన్నారు. క్వాల్‌కామ్, ఏఎండీ లాంటి చిప్ కంపెనీలకి ఇక్కడ పెద్ద సెంటర్లే ఉన్నాయి కదా. ఇవాళ చెప్పే కథలో వచ్చే కేవియం కంపెనీకి కూడా హైదరాబాద్‌లో ఆఫీసు ఉండేది. 2018లో దాన్ని మార్వెల్ కొనేసింది.

స్ట్రక్చర్ లేఅవుట్ అనగానే మనకి ముందు గుర్తొచ్చేది ఇంటర్వ్యూ ప్రశ్న. ఒక క్యారెక్టర్, ఒక లాంగ్, ఇంకో క్యారెక్టర్, ఒక ఇంట్. ఈ వరుసలో రాస్తే స్ట్రక్చర్ సైజు ఎంత? అమీర్‌పేటలో సీ కోర్సు చేసిన ఎవరైనా టక్కున చెప్పేస్తారు. 64 బిట్ లైనక్స్ మీద 24 బైట్లు. మొదటి క్యారెక్టర్ తర్వాత 7 బైట్లు ఖాళీ, రెండోదాని తర్వాత 3 ఖాళీ. లాంగ్ ముందు పెట్టి, తర్వాత ఇంట్, చివర్లో రెండు క్యారెక్టర్లు పెడితే 16కి దిగుతుంది. అంతవరకూ బాగానే ఉంది. కెర్నల్‌లో అసలు తలనొప్పి ఈ ఖాళీలతో కాదు, కాష్ లైన్‌తో వస్తుంది.

సీపీయూ మెమరీ నుంచి ఒక్కో బైటూ విడిగా తెచ్చుకోదు. ఒక ముక్క మొత్తం తెచ్చుకుంటుంది. చాలా చిప్‌లలో ఆ ముక్క 64 బైట్లు. ఇప్పుడు రెండు లాకులు ఒకే ముక్కలో పడ్డాయనుకోండి. ఒక లాకుని మొదటి కోర్ వాడుతుంది, రెండోదాన్ని పదో కోర్ వాడుతుంది. రెండిటికీ సంబంధమే లేదు. అయినా ఒకరు రాసిన ప్రతిసారీ రెండోవాళ్ల దగ్గర ఆ లైన్ చెల్లకుండా పోతుంది, మళ్లీ తెచ్చుకోవాలి. మన అపార్ట్‌మెంట్లలో ఒకదాని వెనక ఒకటి రెండు కార్లు పెట్టే పార్కింగ్ ఉంటుంది చూడండి, అలాగన్నమాట. లోపలి కారు వాళ్లు బయటికి వెళ్లాలంటే బయటి కారు వాళ్ల బెల్లు కొట్టాలి. ఇద్దరి మధ్యా గొడవేం లేదు, కానీ పొద్దున్నే ఇద్దరికీ ఆలస్యం. దీన్నే ఫాల్స్ షేరింగ్ అంటాం.

కేవియం థండర్‌ఎక్స్ అని 48 కోర్ల ఏఆర్ఎం సర్వర్ చిప్ చేసింది. దాని కాష్ లైన్ 128 బైట్లు. అప్పటికి 64 బిట్ ఏఆర్ఎం కెర్నల్ మాత్రం లైన్ అంటే 64 బైట్లే అనుకునేది. కెర్నల్ జాగ్రత్తగా రెండు లాకుల్ని 64 బైట్ల దూరంలో పెట్టినా, థండర్‌ఎక్స్ మీద అవి ఒకే లైన్‌లో పడొచ్చు. అందుకని 2015లో కేవియం నుంచి ఒక ప్యాచ్ వెళ్లింది. ఎల్1 కాష్ షిఫ్ట్ అనే అంకెని 6 నుంచి 7 చేశారు. రెండు పవర్ ఆరు 64, రెండు పవర్ ఏడు 128. మార్చింది ఆ ఒక్క అంకెనే.

చిన్న మార్పే కదా అనిపిస్తుంది. కానీ ఇక్కడొక సంగతి గమనించాలి. స్ట్రక్చర్‌లో ఏ ఫీల్డ్ ఎక్కడ ఉండాలో నిర్ణయించేది కంపైలర్. బూట్ అయ్యాక చిప్ ఏదో చూసి మార్చుకుందాం అంటే కుదరదు, అప్పటికే ఆ దూరాలన్నీ మెషీన్ కోడ్‌లో కూర్చుని ఉంటాయి. పైగా 64 బిట్ ఏఆర్ఎంలో ఒకే కెర్నల్ ఇమేజ్ అన్ని చిప్‌ల మీదా నడవాలన్నది పద్ధతి. అంటే ఒక సర్వర్ చిప్ కోసం పెంచిన అంకె, 64 బైట్ల లైన్ ఉన్న ఫోన్ చిప్‌కీ వర్తిస్తుంది. అక్కడ లాభం సున్నా, ఖర్చు మాత్రం ఉంది.

ఆ ఖర్చు నెట్‌వర్కింగ్‌లో బయటపడింది. లైనక్స్‌లో ప్యాకెట్ కోసం మెమరీ తీసుకునేటప్పుడు డేటా భాగాన్ని కాష్ లైన్ సైజుకి రౌండ్ చేస్తారు. దాని వెనక షేర్డ్ ఇన్ఫో అని ఇంకో స్ట్రక్చర్ ఉంటుంది, దాన్నీ విడిగా రౌండ్ చేస్తారు. ఆ స్ట్రక్చర్ 320 బైట్లు అనుకోండి. 64 లెక్కన అది సరిగ్గా ఐదు లైన్లు, ఒక్క బైటు కూడా వృథా కాదు. 128 లెక్కన 384 అవుతుంది. 64 బైట్లే కదా అంటారు. కానీ మొత్తం బఫర్ అప్పటికే 4096 అంచుదాకా వచ్చి ఉంటే, ఆ కాస్త పెరగడంతో పేజీ దాటిపోతుంది. కేమాలక్‌లో 4096 తర్వాత సైజు 8192. నలుగురు పట్టే ఆటోకి ఐదోమనిషి వస్తే రెండో ఆటో మాట్లాడాల్సిందే కదా, అదే లెక్క. అది కూడా రెండు పేజీలు పక్కపక్కనే దొరకాలి. చాలాసేపటి నుంచి ఆన్‌లో ఉన్న ఫోన్‌లో మెమరీ ముక్కలు ముక్కలై ఉంటుంది, పక్కపక్క పేజీలు అంత తేలిగ్గా దొరకవు. అలా స్పీడు కోసం చేసిన మార్పు వల్లే స్పీడు పడిపోయింది. తర్వాత దీన్ని వెనక్కి తీసుకున్నప్పుడు, 128 వల్ల వచ్చిందన్న లాభం నిర్ధారణ కాలేదని కమిట్‌లోనే రాశారు. కొలవకుండా లేఅవుట్ మారిస్తే ఇలాగే అవుతుందని నా అభిప్రాయం.

మరి వెంటనే 64కి తిప్పేయొచ్చు కదా? ఇక్కడే అసలు చిక్కు. ఆ అంకెకి రెండో ఉద్యోగం కూడా ఉంది, అది డీఎంఏ.

డీఎంఏ అంటే డివైస్ నేరుగా మెమరీలో రాయడం. మొబైల్ చిప్‌లలో చాలా డివైస్‌లకి సీపీయూ కాష్‌లో ఏముందో తెలీదు, వాటిని నాన్ కోహరెంట్ అంటాం. అందుకే డివైస్ రాసింది చదివే ముందు కెర్నల్ కాష్‌లోని పాత కాపీని పారెయ్యాలి. పారేసేది లైన్ మొత్తాన్ని. ఇప్పుడు మీ డీఎంఏ బఫర్ ఉన్న లైన్‌లోనే పక్కన ఒక కౌంటర్ ఉందనుకోండి. సీపీయూ దాన్ని ఇప్పుడే 41 నుంచి 42 చేసింది. ఆ 42 కాష్‌లోనే ఉంది, ఇంకా మెమరీకి చేరలేదు. లైన్ పారేశారు. కౌంటర్ మళ్లీ 41. పోనీ పారేయకుండా లైన్‌ని మెమరీకి రాసేద్దామా అంటే, కాష్‌లోని పాత బైట్లు వెళ్లి డివైస్ కొత్తగా రాసిన డేటా మీద పడతాయి. ఎటు చూసినా ఒకరి డేటా పోతుంది. ఎర్రర్ మెసేజ్ రాదు, క్రాష్ కూడా వెంటనే రాదు. ఎప్పుడో రెండు రోజుల టెస్ట్ తర్వాత సంబంధంలేని చోట ఏదో తేడా కొడుతుంది. టెస్టింగ్ వాళ్లు బగ్ పెడతారు, మనం మళ్లీ ట్రై చేస్తే రాదు, క్లోజ్ చేసేస్తాం.

కాబట్టి 128 లైన్ ఉన్న చిప్ మీద 64 దూరం పెట్టడం ఫాల్స్ షేరింగ్ విషయంలో కాస్త నెమ్మది మాత్రమే. డీఎంఏ విషయంలో అది తప్పు. ఒకే అంకె మీద స్పీడు, కరెక్ట్‌నెస్ రెండూ వేలాడుతున్నాయి. 2018లో ఈ రెండిటినీ విడదీశారు. కాష్ లైన్ అంకె 64కి తిరిగొచ్చింది, డీఎంఏ కనీస అలైన్‌మెంట్ అనే వేరే అంకె 128 దగ్గరే ఉండిపోయింది.

దాంతో ఇంకో ఖర్చు అలాగే మిగిలింది. కేమాలక్ ఇచ్చే ఏ మెమరీనైనా ఎవరైనా డీఎంఏకి వాడొచ్చు. అందుకని 64 బిట్ ఏఆర్ఎం మీద మీరు 8 బైట్లు అడిగినా 128 ఇచ్చేది. చిన్న చిన్న ఆబ్జెక్టులు లక్షల్లో ఉండే కెర్నల్‌లో ఇది మామూలు వృథా కాదు. ఏఆర్ఎం మెయింటైనర్ కటాలిన్ మారినాస్ చేసిన మార్పులతో 2023లో వచ్చిన 6.5 కెర్నల్‌లో ఇది మారింది. ఇప్పుడు చిన్న సైజులు చిన్నగానే ఇస్తారు. అలాంటి చిన్న బఫర్‌ని నాన్ కోహరెంట్ డివైస్‌కి ఇస్తే కెర్నల్ దాన్ని సురక్షితమైన వేరే బఫర్‌లోకి కాపీ చేసి నడిపిస్తుంది. ఎప్పుడో జరిగే కాపీ ఖర్చు పెట్టి, ఎప్పుడూ జరిగే మెమరీ వృథాని తగ్గించుకున్నారు. మంచి బేరమే అంటాను.

డ్రైవర్ రాసేవాళ్లు ఇది వినండి. 2018లో విడదీసినప్పుడు ఒక గుంట మిగిలిపోయింది. సెన్సర్ డ్రైవర్లలో డీఎంఏ బఫర్‌ని స్ట్రక్చర్ లోపలే చివర్లో పెట్టి, ముందు కాష్‌లైన్ అలైన్డ్ అని రాయడం చాలాకాలంగా అలవాటు. ఆ మాట ఇప్పుడు 64 ఇస్తుంది. డీఎంఏకి కావాల్సింది 128 కావచ్చు. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు, అర్థం మారిపోయింది. ఐఐఓ అనే సెన్సర్ సబ్‌సిస్టమ్ మెయింటైనర్ జోనథన్ కామెరాన్ 2022లో దీనికోసం ప్రత్యేకంగా ఒక డీఎంఏ అలైన్‌మెంట్ పేరు పెట్టి, పదుల కొద్దీ డ్రైవర్లని సరిచేశారు. మెయిన్‌లైన్‌లో ఉన్నవి కాబట్టి వాటిని సరిచేసే మనిషి ఉన్నాడు. మన కంపెనీ ట్రీలో, పాత ప్రాజెక్టు నుంచి కాపీ చేసుకున్న డ్రైవర్‌ని ఎవరు చూస్తారు?

కాబట్టి ఒక పని చెయ్యండి. మీ ట్రీలో కాష్‌లైన్ అలైన్డ్ అని ఎక్కడెక్కడ ఉందో గ్రెప్ కొట్టండి. ప్రతి చోటా ఇది స్పీడు కోసమా, డీఎంఏ కోసమా అని అడగండి. డీఎంఏ కోసమైతే డీఎంఏ కనీస అలైన్‌మెంట్‌కి మార్చండి, లేదా బఫర్‌ని విడిగా కేమాలక్ చెయ్యండి. బఫర్ తర్వాత అదే స్ట్రక్చర్‌లో ఇంకో ఫీల్డ్ ఉందేమో కూడా చూడండి. ముందు అలైన్ చేసినంత మాత్రాన వెనక నుంచి రక్షణ రాదు. డీబగ్ సమాచారంతో కంపైల్ చేసి పాహోల్ అనే టూల్ నడిపితే ఏ ఫీల్డ్ ఏ లైన్‌లో పడిందో, ఖాళీలు ఎక్కడున్నాయో వరసగా చూపిస్తుంది. యూజర్ స్పేస్‌కి ఇచ్చే స్ట్రక్చర్ల జోలికి మాత్రం వెళ్లకండి. వాటి వరుస మారిస్తే పాత యాప్‌లు విరిగిపోతాయి.

పాహోల్ అవుట్‌పుట్ ఎలా చదవాలో వచ్చే ఎపిసోడ్‌లో ఒక నిజమైన డ్రైవర్ తీసుకుని చూద్దాం. ఉంటానండీ, నమస్తే.