తీర్పు వచ్చింది, బోరు తెరవలేదు

(ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సభలో చేసిన ప్రసంగం)



ప్రతి ఏడూ ఈ రోజు మనం జెండా ఎగరేస్తం, భీం గారి ఫొటోకు దండ వేస్తం, ర్యాలీ తీస్తం. మంచిదే. కానీ పేరులో 'ప్రపంచ' అని ఉంది గదా, ఆ ప్రపంచంలో మనలాంటోళ్ళు ఎట్లున్నారో ఎవరూ చెప్పరు. 1982లో ఇదే తేదీన ఐక్యరాజ్య సమితిలో ఆదివాసుల గురించి ఒక బృందం మొదటిసారి కూర్చుంది. దానికి గుర్తుగా ఈ రోజు పెట్టారు. అందుకే ఈసారి మన ఊళ్ళ ముచ్చట తర్వాత, ముందు వేరేవాళ్ళ ముచ్చట.

ఆఫ్రికా ఖండం కింది భాగంలో బోట్స్వానా అని ఒక దేశం ఉంది. సముద్రం లేదు, ఎక్కువ భాగం కలహారి ఎడారే. విస్తీర్ణం మన పాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు రెండింతలు. జనం మాత్రం పాత ఆదిలాబాద్ జిల్లా కన్నా తక్కువ, సుమారు పాతిక లక్షలు. అంత జాగా, అంత తక్కువ జనం. అయినా అక్కడి ఆదివాసులకు జాగా లేకుండా పోయింది.

వాళ్ళను సాన్ ప్రజలు అంటారు. 1961లో, ఇంకా బ్రిటిష్ వాళ్ళు ఉన్నప్పుడే, ఎడారి నడుమ 52 వేల చదరపు కిలోమీటర్లకు పైగా జాగాను రిజర్వుగా ప్రకటించారు. తెలంగాణలో దాదాపు సగం అనుకోండి. అక్కడ జంతువులూ ఉంటాయి, సాన్ ప్రజలు వేటాడుకుంటూ దుంపలు తవ్వుకుంటూ వాళ్ళ పద్ధతిలో వాళ్ళూ ఉంటారని అప్పటి మాట. 1980లలో ఆ నేల కింద వజ్రాలు బయటపడ్డాయి. 1997లో ఒకసారి, 2002లో ఇంకోసారి జనాన్ని లారీలెక్కించి రిజర్వు బయట కట్టిన కాలనీలకు తరలించారు. వజ్రాల కోసం కాదు, జంతువుల రక్షణ కోసం, మీకు బడి, దవాఖాన ఇవ్వడం కోసం అని ప్రభుత్వం చెప్పింది. బడి కావాలని ఇష్టంతో పోయినోళ్ళు కూడా కొందరున్నారు, ఆ మాట దాచిపెట్టొద్దు. పోనోళ్ళకు ఏం చేశారో వినండి. మోతోమెలో అనే చోట వాళ్ళకున్న బోరుబావిని మూసేశారు. ఎడారిలో.

వాళ్ళు కోర్టుకు పోయారు. ఆ దేశ చరిత్రలోనే అంత పొడుగ్గా, అంత ఖర్చుతో నడిచిన కేసు లేదంటారు. 2006 డిసెంబర్ 13న ముగ్గురు జడ్జిల్లో ఇద్దరు, వీళ్ళ ఒప్పుకోలు లేకుండా భూమి నుంచి తీసేయడం తప్పు, తిరిగి పోనివ్వాలి అన్నారు. ఎగిరి గంతేశారు, ప్రపంచమంతా పేపర్లలో వచ్చింది. అదే తీర్పులో ఇంకో ముక్క ఉంది. నీళ్ళు, దవాఖాన, బడి మళ్ళీ ఇయ్యాల్సిన బాధ్యత ప్రభుత్వానికి లేదు అని.

ఇగ చూడండి ప్రభుత్వం తెలివి. తీర్పు కేసులో పేర్లున్నోళ్ళకే అన్నది. మిగతా కుటుంబాలకు పర్మిట్ కావాలె. సొంత అయ్య దగ్గరికి పోవడానికి పర్మిట్! బోరు తెరవం, మీ ఖర్చుతో తెరుచుకుంటామన్నా ఒప్పుకోం అన్నది. అదే రిజర్వులో టూరిస్టుల క్యాంపుకు మాత్రం నీళ్ళున్నాయి. నీళ్ళ కోసం మళ్ళీ కేసు వేస్తే 2010లో హైకోర్టులో ఓడిపోయారు. 2011 జనవరిలో పై కోర్టు, మీ ఖర్చుతో బోరు వాడుకోవచ్చు, కొత్తవి వేసుకోవచ్చు అని చెప్పింది. భూమి గెలిచిన నాలుగేండ్లకు నీళ్ళు గెలిచారు. 2014లో ఆ రిజర్వు లోపల్నే వజ్రాల గని తెరిచారు.

ఇంకొకటి చెప్తే నమ్మరు. 2021 డిసెంబర్‌లో అక్కడి పెద్దాయన ఒకరు చనిపోయారు. పుట్టిన నేలలో మట్టి చేయాలని పిల్లలు అడిగితే ప్రభుత్వం రిజర్వులో వద్దన్నది, కోర్టు కూడా వద్దన్నది. పిల్లలు బయట మట్టి చేయడానికి ఒప్పుకోలేదు. దాదాపు మూడేండ్లు శవం మార్చురీలోనే ఉంది. 2024లో ప్రభుత్వం మారింది. ఒకప్పుడు సాన్ ప్రజల తరఫున నిలబడిన లాయరు డూమా బోకో దేశాధ్యక్షుడయ్యాడు. ఆ డిసెంబర్‌లో ఆ పెద్దాయనను సొంత నేలలో మట్టి చేశారు. మన పెన్ ఠాణాలు, మన పెద్దల సమాధులు ఎక్కడున్నాయో ఒకసారి మనసులో చూసుకోండి.

కెన్యాకు పోదాం. అక్కడ మావు అనే అడవి నాలుగు లక్షల హెక్టార్లు. ఎన్నో నదులు అక్కడే పుడతాయి, అందుకే దాన్ని దేశానికి నీళ్ళ ట్యాంకు లెక్క చూస్తారు. అందులో ఒగియెక్ ప్రజలు ఉంటారు. తేనె వాళ్ళ బతుకు. 2009లో అటవీ శాఖ 30 రోజుల్లో ఖాళీ చేయమని నోటీసు ఇచ్చింది. కేసు అరూషాలో ఉన్న ఆఫ్రికా మానవ హక్కుల కోర్టు దాకా పోయింది. 2017 మేలో కోర్టు, ఒగియెక్ వాళ్ళ వల్ల అడవి పోయిందని ప్రభుత్వం రుజువు చూపలేదన్నది. వేరేవాళ్ళ ఆక్రమణలు, సెటిల్మెంట్ల కోసం ప్రభుత్వమే కోసిచ్చిన అడవి, కలప కోతకు ఇచ్చిన పర్మిషన్లు అసలు కారణమని రాసింది. 2022 జూన్‌లో భూమి వాళ్ళ సమూహం పేరు మీద పట్టా చేయాలని, 15 కోట్ల 78 లక్షలకు పైగా షిల్లింగులు నష్టపరిహారం ఇవ్వాలని చెప్పింది. 2023 నవంబర్‌లో మావులో మళ్ళీ ఇండ్లు కూల్చారు. అడవి కాపాడుతున్నం అన్నదే మళ్ళీ మాట. ఇప్పుడు దానికి కార్బన్ క్రెడిట్లు తోడైనయి. ఎక్కడో ఫ్యాక్టరీ పొగ వదులుతుంది, దానికి బదులు ఇక్కడి చెట్లకు లెక్క కడతారు. చెట్టుకు ధర వచ్చిన రోజు, చెట్టు కింద ఉన్నోడు ఎవరికైనా అడ్డమే.

ఆసియాలో ఇండోనేషియాది ఇంకో రకం. 1999 అటవీ చట్టంలో, ఆదివాసుల ఆచార అడవి అంటే వాళ్ళ ప్రాంతంలో ఉన్న 'ప్రభుత్వ' అడవి అని రాసుకున్నారు. 2013 మేలో అక్కడి రాజ్యాంగ కోర్టు ఆ 'ప్రభుత్వ' అన్న ఒక్క మాట కొట్టేసింది. ఒక్క మాట! కానీ ఆ అడవి చేతికి రావాలంటే ముందు స్థానిక ప్రభుత్వం మిమ్మల్ని ఆదివాసులుగా గుర్తించాలె. మొదటి తొమ్మిది సమూహాలకు కాగితాలు 2016 చివర్లో అందాయి, మొత్తం కలిపి 13 వేల హెక్టార్లు. మూడున్నరేండ్లు.

ఇవన్నీ వింటుంటే మీకు సమత తీర్పు గుర్తొస్తుండాలె. 1997లో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ఏరియాలో ప్రైవేటు గనుల లీజులు చెల్లవన్నది. విశాఖ మన్యంలో అప్పుడు ఏమైంది? ప్రభుత్వ సంస్థ పేరు మీద బాక్సైట్ తవ్వాలని చూశారు, 2015లో జీవో 97 తెచ్చారు. దాన్ని ఆపింది అక్కడి జనం. మన దగ్గర 2025 మేలో పులుల కారిడార్ అని కుమ్రం భీం పేరే పెట్టి జీవో 49 తెచ్చారు. బంద్‌లు, ధర్నాలు చేస్తే జూలైలో నిలుపుదల చేశారు. నిలుపుదలకు, రద్దుకు ఎంత తేడా ఉందో డిగ్రీ చదివినోళ్ళు ఇంటికి పోయి అమ్మానాన్నలకు చెప్పండి.

కోర్టుకు పోవద్దని నేను అంటలేను. సాన్ వాళ్ళు కేసు వేయకపోతే ఈపాటికి అక్కడ ఎవరూ ఉండేవాళ్ళు కాదు. కానీ తీర్పులో ఎవరి పేర్లున్నాయి, నీళ్ళ సంగతి రాశారా, భూమి మనిషి పేరు మీదా ఊరి పేరు మీదా, అమలు చేయాల్సిన అధికారి ఎవరు, ఇవి గెలిచిన రోజే చూసుకోవాలె. 2006 అటవీ హక్కుల చట్టంలో మనం పోడు పట్టా దగ్గరే ఆగిపోతున్నం. పట్టా ఒక కుటుంబానికి. ఊరి సామూహిక అడవికి ఫారం 'సి' ఉంది. గ్రామసభ తీర్మానం, హద్దుల మ్యాపు, పెద్దల వాంగ్మూలం జత చేయాలె. దరఖాస్తు ఇచ్చిన రసీదు తీసుకోకుండా ఆఫీసు మెట్లు దిగొద్దు.

భోజనాల తర్వాత చింత చెట్టు కింద టేబుల్ వేస్తున్నం. ఫారాలు తెచ్చినం. ఒక్కో ఊరి నుంచి పటేల్, ఒక అక్క, చదువుకున్న ఒకరు కలిసి రండి. హద్దులు తెలిసిన ముసలోళ్ళు ఉంటే వాళ్ళను ముందు కూర్చోబెడదాం.