ఇంజను కాగుచున్నది, హీటరు చల్లగా ఉన్నది

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఇంటిపన్ను, మురుగు కాలువలు, వీధి దీపములు, మంచినీటి చెరువులు మొదలగు విషయములను గూర్చి ఈ తరగతులలో మీరు వినియున్నారు. నేడు మేము మోటారు బండి ఇంజనును గూర్చి మాటాడదలచితిమి. ఇది పంచాయతీ సభ్యులకు సంబంధించిన సంగతియా యని కొందరికి తోచవచ్చును. సంబంధించినదే యని మా అనుభవము మాకు నేర్పినది.

దివిసీమ గ్రామములనుండి మచిలీపట్నపు పెద్దాసుపత్రికి పోవలెనన్న 30 కిలోమీటర్లకు పైబడిన దారి. 2005లో మన రాష్ట్రమున ప్రారంభమైన 108 వాహనములు నేడు పల్లెలకును వచ్చుచున్నవి. అయినను అవి వచ్చువరకు ఆగుటకు వీలులేని గడియలు కలవు. అట్టి సమయమున ఊరిలో ఎవరి కారు సిద్ధముగా నున్నదో దానినే తీయవలసి వచ్చును. ఆ కారు నడిదారిలో నిలిచినచో అది ఒక ఇంటి కష్టము మాత్రమే కాదు, ఊరి కష్టమగును.

మాకు జరిగిన సంగతి చెప్పెదము. ఒక పుష్యమాసపు తెల్లవారుజామున మా ఊరి గర్భిణి యొకతెను కారులో బందరుకు తీసికొనిపోవుచుంటిమి. ఆమె అత్తగారును, సభ్యులమైన మేమిద్దరమును వెంట నుంటిమి. చల్లపల్లి దాటిన పిమ్మట మంచు దట్టమై ముందు అద్దము లోపలివైపున మసకబారినది. అద్దము తేటపడుటకై డ్రైవరు హీటరు తిప్పెను. చల్లని గాలి వచ్చెను. అతడు, “హీటరు చల్లగా వస్తోందండీ, ముల్లు కూడా పైకి లేస్తోంది” అని చెప్పెను. “మన సీమకు హీటరెందుకు బాబూ! దగ్గరకొచ్చేశాం, పోనీ” అన్నవారము మేమే. మరి కొంతదూరము పోవునప్పటికి బానెట్టు క్రిందనుండి ఆవిరి లేచి బండి నిలిచిపోయినది. ఇరువైపుల చేలు, ముందు వెనుకల మంచు. దైవికముగా ఒక పాల వ్యాను ఆ దారిని వచ్చినందున ఆమె ఆసుపత్రికి చేరగలిగినది. తల్లియు బిడ్డయు క్షేమము. కాని ఆ వ్యాను రాకున్నచో ఏమయ్యెడిదో తలచుకొనుటకే మాకు భయము.

తరువాత మేస్త్రీ ఇంజను విప్పి చూచి, “డ్రైవరు చెప్పిన మొదటి మాటకే ఆపియుంటే ఒక గొట్టము ఖర్చుతో పోయేదండీ” అనెను. ఆ మొదటి మాటలో ఏమి యున్నదో గ్రహించుటకే ఈ ప్రసంగము.

డెల్టా రైతులమైన మనకు ఇది తెలియని సంగతి కాదు. 1855లో బెజవాడవద్ద ఆనకట్ట పూర్తియైనది. 1957లో దానికి బదులుగా ప్రకాశం బ్యారేజి వచ్చినది. అక్కడనుండి పెద్ద కాలువలలోనికి, పెద్ద కాలువలనుండి పిల్ల కాలువలలోనికి, వానినుండి చేలకును నీరు వచ్చుచున్నది. నీటి మట్టము తగ్గినపుడు ఆ సంగతి మొదట ఎవనికి తెలియును? కాలువ తల దగ్గరి రైతునకు కాదు, శివారు రైతునకు. గుడివాడ చుట్టుప్రక్కలనైనను, దివిసీమలోనైనను ఈ మాట కాదనువారు లేరు.

ఇంజనులోను ఇట్టి కాలువ యొకటి కలదు. చమురు మండగా పుట్టిన వేడిలో సుమారు మూడవ వంతు మాత్రమే బండిని నడపుటకు ఉపయోగపడును. ఇంచుమించు అంతే వేడిని ఇంజను చుట్టును తిరుగు నీరు మోసికొనిపోవలెను. ఆ నీటిని త్రిప్పునది వాటరు పంపు. నీరు తగినంత వేడెక్కినపుడు, అనగా సాధారణముగా 80 నుండి 90 డిగ్రీల నడుమ, థర్మోస్టాటు అను తలుపు తెరచుకొని ఆ నీటిని రేడియేటరులోనికి వదలును. అక్కడ గాలి తగిలి నీరు చల్లబడి మరల ఇంజనులోనికి వచ్చును. ఈ ప్రధాన మార్గముగాక మరియొక చిన్న పాయ గలదు. అది కారు లోపలి హీటరునకు పోవును. హీటరనగా ఒక చిన్న రేడియేటరే. దానికి వేరే నిప్పు లేదు. ఇంజను వేడినీరు దానిలోనికి వచ్చినపుడు ఫ్యాను గాలి దాని మీదుగా వీచి వెచ్చనగును. చాల కార్లలో ఇది ఎత్తున నుండును. నీరు తగ్గినచో అక్కడ గాలి చేరును. కావున హీటరు ఇంజనుకు శివారు చేను వంటిది.

ఇప్పుడు గుర్తులు మూడు విధములుగా నుండును. వీనిని వేరుపరచి చూచుటయే రోగ నిర్ణయము.

మొదటిది: ముల్లు పైకి పోవుచున్నది, హీటరు గాలి మాత్రము వేడిగానే వచ్చుచున్నది. అనగా నీరు ఉన్నది, తిరుగుచున్నది, కాని దాని వేడి బయటికి పోవుటలేదు. అట్టి యెడల రేడియేటరు ముందు గడ్డినూగు, ఊక, బురద పట్టియున్నదేమో, ఫ్యాను తిరుగుచున్నదో లేదో, థర్మోస్టాటు మూసికొనిపోయినదేమో చూడవలెను. నూర్పుల కాలమున చేల గట్ల వెంట తిరిగిన బండ్లకు ఈ నూగు తరచుగా పట్టుచుండును.

రెండవది: ముల్లు మామూలు చోటనే యున్నది, హీటరు మాత్రము చల్లగా నున్నది. ఇంజను వేడెక్కుటకు తగిన వ్యవధి యిచ్చి, మీట వేడివైపునకు తిప్పియున్నదని చూచుకొనిన పిమ్మటను చల్లగానే యున్నచో, హీటరు పూడియుండవచ్చును, లేదా దాని తలుపు చెడియుండవచ్చును. ఇది నెమ్మదిగా బాగుచేయించుకొనదగిన పని. అయినను నీటి మట్టము ఒకమారు చూచుట మంచిది.

మూడవది: ముల్లు పైకి పోవుచున్నది, హీటరు చల్లగా నున్నది. మాకు ఎదురైనది ఇదియే. ఇంజనులో వేడి మిక్కుటముగా నున్నను ఆ వేడిని మోసికొని నీరు శివారుకు రాలేదని దీని అర్థము. నీరు లేకపోవుటయో, ఉన్నను తిరుగకపోవుటయో జరిగినది. ఇది వెంటనే ఆపవలసిన గుర్తు.

ఈ మూడవదానికి కారణములు ముఖ్యముగా నాలుగు. అన్నిటికంటె తరచైనది నీరు తగ్గుట. గొట్టము పగిలియో, బిగింపు వదులై యో, రేడియేటరు చిల్లుపడియో బొట్టు బొట్టుగా కారిపోవును. రాత్రి కారు నిలిపిన చోట ఉదయమున నేల తడిసియున్నచో దానిని గమనింపవలెను. రెండవ కారణము గాలి చిక్కుకొనుట. నీరు మార్చినపుడు లోపలి గాలిని పూర్తిగా పోనీయకున్నచో ఆ గాలి నీటి దారికి అడ్డుపడును. మూడవది వాటరు పంపు చెడుట. బెల్టు తెగుట, జారుట, పంపు రెక్కలు తుప్పుపట్టి అరిగిపోవుట ఇందులోనివి. బెల్టు తెగినచో పెక్కు బండ్లలో బ్యాటరీ దీపము కూడ వెలుగును. నాల్గవది హెడ్డు గాస్కెట్టు పోవుట. అపుడు మండిన వాయువులు నీటిలోనికి చొరబడి, ఎన్నిమారులు నింపినను మరల గాలి చేరుచుండును. సైలెన్సరునుండి తెల్లని పొగ విడువక వచ్చుట, ఇంజను ఆయిలు మజ్జిగ కలిసినట్లు కనబడుట దీని గుర్తులు. దీనిని మేస్త్రీయే పరీక్షించి తేల్చవలెను.

ఇక్కడ ఒక హెచ్చరిక. పైకి లేచిన ముల్లు ఒక్కొక్కపుడు హఠాత్తుగా క్రిందికి పడిపోవును. బండి బాగుపడినదని సంతోషింపరాదు. వేడిని కొలుచు పరికరము నీటిలో మునిగియున్ననే సరిగా చెప్పును. నీరంతయు పోయి అది గాలిలో నిలిచినపుడు తప్పు చెప్పవచ్చును. కొన్ని కార్లలో ముల్లే లేదు, ఎర్ర దీపము మాత్రమే కలదు. అట్టివానిలో హీటరు చెప్పు మాట మరింత విలువైనది.

దారిలో ఈ గుర్తు కనబడినపుడు చేయవలసినదేమి? బండిని ప్రక్కకు తీసి ఇంజను ఆపవలెను. రోగి యున్నచో మొట్టమొదట మరియొక బండికి ఫోను చేయవలెను. మరమ్మతు తరువాతి మాట. రేడియేటరు మూతను వేడిమీద ఎన్నడును తీయరాదు. లోపలి నీరు ఒత్తిడిలో నుండుటచే 100 డిగ్రీలు దాటియు మరుగక యుండును. మూత తీసినంతనే ఒక్కసారిగా ఆవిరియై ముఖము మీదికి చిమ్మును. అర్ధగంటకు తక్కువ కాకుండ ఆగి, పై గొట్టము చేతికి చల్లబడినదని తెలిసిన పిమ్మట, మందపు గుడ్డ కప్పి మెల్లగా తీయవలెను. కాగిన ఇంజనులో చన్నీరు గుమ్మరింపరాదు, లోహము పగులవచ్చును. ఇంజను ఆపినను కరెంటు ఫ్యాను తనంతట తాను తిరుగవచ్చును గనుక చేయి దగ్గరకు పోనీయరాదు. “ఇంకెంత దూరములే” యని నడిపినచో హెడ్డు వంకరపోవును, గాస్కెట్టు కాలును. గొట్టముతో పోవలసిన ఖర్చు ఇంజనుదాక పోవును.

ఇక మన సీమకు ప్రత్యేకమైన సంగతి నీరు. సముద్రము దాపున నున్న దివిసీమలోను, బందరు పరిసరములలోను చాలచోట్ల బోరు నీరు ఉప్పన. మా కారులో తగ్గినపుడెల్ల ఆ నీటినే పోయుచు వచ్చితిమని తరువాత తేలినది. ఉప్పు ఇనుమును, అల్యూమినియమును తినివేయును. నీటిలోని సున్నపు అంశము వేడికి గారగా పట్టి సన్నని దారులను పూడ్చును. కాలువలో పూడిక పేరుకొనినచో శివారుకు నీరందనట్లే ఇదియు. కావున కారు కంపెనీ చెప్పిన కూలెంటునే వాడవలెను. అది మంచుదేశములకు మాత్రమే కావలసినదని కొందరనుకొందురు. అది పొరపాటు. కూలెంటు నీరు గడ్డకట్టకుండ చేయుటయే గాక, తుప్పును ఆపును, మరుగు వేడిమిని పెంచును. ఈ రెండును మన ఎండలకును ఉప్పుగాలికిని కావలసినవే. తప్పనిసరియై దారిలో నీరు పోయవలసివచ్చినచో త్రాగు మంచినీటిని పోసి, ఊరు చేరిన పిమ్మట కడిగించి మరల కూలెంటు నింపించవలెను.

కొందరు హీటరు కారుచున్నదని దాని గొట్టములను కలిపివేసి హీటరును తొలగింతురు. ఇంజను నడచుటకు అది అడ్డు కాకపోవచ్చును. కాని ఆ బండి తన శివారు మాట చెప్పుట మానివేసినదని నడుపువానికి తెలియవలెను.

ట్రాక్టరులకు, చెత్త బండ్లకు సాధారణముగా హీటరు లేదు గదా యని మీరడుగవచ్చును. సూత్రము ఒక్కటే. కాలువగట్టున ఆయిలింజను నడిపినవారు దానిని చల్లబరచి బయటికి వచ్చు సన్నని నీటిధార క్రింద చేయి పెట్టి చూచెడివారు. ధార సన్నగిల్లినను, మిక్కిలి కాగినను ఇంజను ఆపెడివారు. అమెరికాలో 1908లో వెలువడిన ఫోర్డు టి మోడలు కార్లలో అత్యధిక భాగమునకు వాటరు పంపే లేదు. వేడినీరు పైకి, చన్నీరు క్రిందికి పోవు స్వభావము చేతనే నీరు తిరిగెడిది. మట్టము పై గొట్టముకంటె తగ్గెనా, తిరుగుట ఆగెడిది. నేటి బండ్లకు పంపు వచ్చినను నీటిని చూచుకొనవలసిన పని తప్పలేదు.

సభ్యులారా! 1977 నవంబరు 19వ తేదీ తుపానునాటి ఉప్పెనలో దివిసీమ వేలాది ప్రాణములను కోల్పోయినది. తుపాను వచ్చునన్న కబురందినపుడు ముసలివారిని, పసివారిని, గర్భిణులను ముందుగా తరలింపవలసినది మన బండ్లలోనే. ఆనాటికి వెదకుకొనుట కాదు, ముందే సిద్ధపరచుకొనవలెను. ప్రతి పంచాయతీయు మూడు పనులు చేయవచ్చును. ఊరిలో అవసరమునకు వచ్చు బండ్ల పేర్లు, నడుపువారి ఫోను నంబర్లు, ఒక బండి ఆగినచో వచ్చు రెండవ బండి నంబరు ఒక పుస్తకమున వ్రాసి గోడమీదను అంటింపవలెను. వారమునకొకమారు చల్లని ఇంజనులో కూలెంటు మట్టము, బెల్టు, గొట్టములు చూచి తేదీ వేయవలెను. కార్తికపు తుపానులకు ముందు ఒకమారు మేస్త్రీచేత పరీక్ష చేయింపవలెను. వీనికి పెద్ద ఖర్చు లేదు.

చివరి మాట. శివారు రైతు వచ్చి “నీరు రాలేదండీ” యన్నపుడు, “పైన కాలువ నిండుగా నున్నది గదా” యని అతనిని పంపివేయుట మన కలవాటు కారాదు. అట్లే డ్రైవరు “హీటరు చల్లగా ఉందండీ” యన్నపుడు మనము బండిని ఆపవలెను. ఆనాడు మేము ఆపలేదు. మీరు ఆపుదురని నమ్ముచు సెలవు తీసికొనుచున్నాము.