ఉపమానము - ఉజ్జాయింపు



ఆధునిక భౌతికశాస్త్రమనగానే ఆర్ట్సు చదివినవారు అది తమకు సంబంధించినది కాదని తొలగిపోవుచుందురు. ఇంటిలో పిల్లలు ఐన్‌స్టైను మాట యెత్తినపుడు “మాస్టారి నడుగు” మని తప్పించుకొనువారు పెక్కురు. కాని ఆ శాస్త్రపు గుమ్మము దాటుటకు రెండు సాధనములు చాలును: తగిన ఉపమానము, స్థూలమైన ఉజ్జాయింపు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైన బిలాస్‌పూరులో ఈ రెండును పట్టాలమీదనే దొరకును.

స్టేషనులో ఆగియున్న బండిలో కూర్చున్నవానికి, ప్రక్కబండి కదలగా తన బండియే కదలినట్లు తోచును. ప్లాట్‌ఫారము స్తంభమును చూచిన పిమ్మట భ్రమ తొలగును. ఆ స్తంభమైనను నిశ్చలమా? భూమితోపాటు అదియు సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగముతో సూర్యుని చుట్టు పరుగిడుచున్నది. చలనమును తేల్చిచెప్పు కడపటి స్తంభము విశ్వములో ఎచ్చటను లేదు. 1905లో ఐన్‌స్టైను దీనికి మరియొక నియమమును జతపరచెను: కాంతివేగము చూచువారందరికిని ఒక్కటే. ఈ రెంటినుండియే కదలెడి గడియారము మందగించునను ఫలితము వచ్చినది.

అట్లయిన డ్రైవరు గడియారము మందగింపదేమి? మందగించును. గంటకు 100 కిలోమీటర్ల వేగముతో 30 సంవత్సరములు ఆగకుండ బండి నడిపినను, వెనుకబడునది సెకనును పది లక్షల భాగములు చేయగా అందు నాలుగు భాగములు మాత్రమే. టైంటేబిలునకు ప్రమాదము లేదు!

ఇక బొగ్గుబండి. ద్రవ్యరాశియు శక్తియు ఒక్కటే యన్నది అదే సంవత్సరపు మరియొక ఫలితము. కోర్బా గనులనుండి వచ్చు బండికి 60 వ్యాగనులు, వ్యాగనుకు 60 టన్నులు అనుకొన్నచో, బొగ్గు 3,600 టన్నులు. కిలోకు రెండు కోట్ల జౌలుల చొప్పున మొత్తము శక్తి 72 లక్షల కోట్ల జౌలులు. సెకనుకు 30 కోట్ల మీటర్లైన కాంతివేగపు వర్గముచే దీనిని భాగించినచో ఒక గ్రాముకు లోపే వచ్చును. అనగా, బొగ్గును అది కాలుటకు పట్టిన ప్రాణవాయువును ముందుగా తూచి, చల్లారిన బూడిదను పొగను తరువాత తూచినచో, తగ్గునది రూపాయి నాణెములో నాల్గవ వంతో, అయిదవ వంతో!

ఈ లెక్కలో కొంత పొరపాటున్నను ఫలితము రెండు గ్రాములు కావచ్చునేమో గాని రెండు టన్నులు కానేరదు. ఉజ్జాయింపునకు గల బలమదియే. ఉపమానమునకో, హద్దు కలదు. పరమాణువును సూర్యకుటుంబముతో పోల్చుట పరిపాటి. కాని ఎలక్ట్రానులకు గ్రహములవలె గీచిన కక్ష్యలు లేవని 1925 తరువాతి క్వాంటం సిద్ధాంతము తేల్చినది. ఉపమానము కొంతదూరమునకే టిక్కెట్టు. ఆ స్టేషను రాగానే దిగవలెను.

పిల్లవాడు ప్రశ్నించిన రాత్రి తండ్రి కాగితము, పెన్సిలు తీసికొని వానితో కలిసి వ్యాగనులు లెక్కింప కూర్చున్నచో, తప్పొప్పుల మాట యెట్లున్నను, భయము మాత్రము ఆ యింటినుండి వెడలిపోవును.