లెన్సు కొనేముందు ఒక చిన్న పరీక్ష



మనలో ఫోటోల సరదా ఉన్నవారు పాత లెన్సులు కొంటుంటారు. అమ్మేవారు గాజు చూపించి "ఒక్క మచ్చ లేదండీ" అంటారు. గాజు ఒక్కటీ చూస్తే చాలదు. ఫోకస్ మార్చేటప్పుడు బొమ్మ ఎలా కదులుతుందో కూడా చూడాలి. డబ్బు ఇచ్చేముందు నేను చేసే పరీక్షను మనవి చేస్తాను.

లెన్సు కెమెరాలో గట్టిగా కూర్చున్నదీ లేనిదీ ముందు చూసుకోండి. కెమెరాను స్టాండుకు బిగించండి. కెమెరాలో అదురును సరిదిద్దే సదుపాయం ఉంటే ఆపివేయండి. ఎపర్చరును 11కో 16కో తగ్గిస్తే, ఫోకస్ తప్పినా గుర్తు తెలుస్తుంది. గోడ క్యాలెండరులోని ఒక అంకెను తెర నడుమకు తెచ్చి, రింగును మెల్లగా అటూ ఇటూ తిప్పండి.

నడుమ అంకె కదలక, అంచులు మాత్రం నాలుగు వైపులా సమంగా జరిగితే భయపడనక్కరలేదు. దానిని ఫోకస్ బ్రీతింగ్ అంటారు. అది లెన్సు స్వభావం. లెన్సు మొత్తం ముందుకు జరిగే రకంలో, 50 మి.మీ. లెన్సును సుదూరం నుండి 1 మీటరుకు ఫోకస్ చేస్తే, సెన్సారుకు దాని దూరం 52.6 మి.మీ. అవుతుంది. బొమ్మ సుమారు 5 శాతం పెరుగుతుంది.

అలా కాక, రింగు తిప్పే దిశ మార్చగానే అంకె పక్కకు గెంతితే, లోపలి భాగాలు వదులయ్యాయని అనుమానించాలి. మూడుసార్లు చూసినా అంతే అయితే, రిపేరు ఖర్చు తెలుసుకున్నాకే బేరం.

పెన్షను డబ్బు లెక్కగా వచ్చేది. ఐదు నిమిషాల పరీక్షకు ఒప్పుకోని అమ్మకందారుకు నమస్కారం పెట్టి వచ్చేయడమే మేలు. సెలవు.