భార్య చేస్తే బాధ్యత, భర్త చేస్తే త్యాగం



వృద్ధుల సమస్య అనగానే కొడుకులు చూడని తల్లిదండ్రులే మనకు గుర్తొస్తారు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కూడా 2007లో ఆ దృష్టితోనే వచ్చింది. పిల్లల మీద, ఆస్తి పొందే బంధువుల మీద బాధ్యత పెట్టింది. కానీ పక్షవాతంతో మంచం పట్టిన డెబ్భై అయిదేళ్ల మనిషిని ఎత్తి కూర్చోబెట్టేది, పక్క మార్చేది చాలా ఇళ్లలో డెబ్భై ఏళ్ల భార్యే. మన పెళ్లిళ్లలో మగవాడు వయసులో పెద్ద. అందుకే ముందు మంచం పట్టేది ఎక్కువగా అతనే. ఆమె వంతు వచ్చేసరికి అతను ఉండడు.

ఈ ఒత్తిడిని కొలవడానికి అనేక దేశాల్లో వాడే ప్రశ్నావళిని 1980లో అమెరికాలో స్టీవెన్ జారిట్ బృందం తయారుచేసింది. డెమెన్షియా రోగులను చూసుకునే భార్యలనీ భర్తలనీ 1986లో జారిట్ తదితరులు పోల్చారు. మొదట భార్యలే ఎక్కువ భారం ఉందన్నారు, రెండేళ్ల తర్వాత ఆ తేడా కనబడలేదు. భారం తగ్గిందనా, అలవాటుపడ్డారనా? 2006లో పింక్వార్ట్, సోరెన్సెన్‌లు 229 అధ్యయనాలను కలిపి చూశారు. ఇందులో కూతుళ్లు, కోడళ్ల వంటి సంరక్షకులూ ఉన్నారు. స్త్రీలలో భారం, కుంగుబాటు కొంత ఎక్కువే. అయితే చేసే పని, పెట్టే గంటలు, అందే సాయం లెక్కలోకి తీసుకుంటే, కుంగుబాటులో తేడా సంరక్షణ చెయ్యని స్త్రీపురుషుల మధ్య ఉండేపాటికి తగ్గిపోయింది. ‘ఆడవాళ్ల మనసు సున్నితం’ అనేవాళ్లకి ఇది చూపించాలి.

మన దగ్గర ఇంకో చిక్కుంది. “మీకు భారంగా ఉందా?” అని పెద్దావిడని అడిగితే “మొగుడికి చేసుకోడం భారమేంటమ్మా” అంటుంది. కాగితం మీద ఒత్తిడి సున్నా! అదే ముసలాయన భార్యకి గంజి కాచి పోస్తే వీధంతా మెచ్చుకుంటుంది, పక్కింటి నుంచి కూర వస్తుంది. అతని బాధ అబద్ధమని కాదు. ఏనాడూ పొయ్యి ముట్టించని మనిషికి అది నిజంగానే కష్టం, పైగా నోరు విప్పి చెప్పుకోడు. కానీ అతని కష్టం కంటికి కనిపిస్తుంది.

అందుకని మన సర్వేల్లో ప్రశ్నలు మార్చాలి. రాత్రి ఎన్నిసార్లు లేచారు? మీ బీపీ మాత్ర వేసుకున్నారా? గడప దాటి ఎన్నాళ్లయింది? పక్షవాతంతో మంచానికే పరిమితమైనవారి పింఛనును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జులై నుంచి 15,000 రూపాయలు చేసింది. మంచిదే, కానీ అది రోగి పేరున. రోజుకి రెండు గంటలు ఆమె స్థానంలో కూర్చునే మనిషిని ఎవరు పంపుతారు? అంగన్‌వాడీ, ఆశా వర్కర్ల నెత్తిన ఇంకో చాకిరీ పెట్టకుండా, జీతమిచ్చి పంపాలని మనం అడగాలి.