దానమూ, దరఖాస్తూ



"జకాత్ పంచితే చాలదా, ఆఫీసుల చుట్టూ దరఖాస్తులెందుకు?" అని మనలో కొందరు అడుగుతున్నారు. ఇస్లామిక్ రిలీఫ్ సంగతి చూడండి. ఆఫ్రికా కరువు బాధితుల కోసం 1984లో డాక్టర్ హానీ అల్-బన్నా బర్మింగ్‌హామ్‌లో స్థాపించిన సంస్థ అది. ఎంత ధాన్యం పంచినా, పేద దేశాల రాబడి అప్పులకే పోతుంటే ఆకలి తీరేదెలా? అందుకే 2005లో చర్చీలు, కార్మిక సంఘాలతో కలిసి 'మేక్ పావర్టీ హిస్టరీ' ఉద్యమంలో నిలిచి ఋణమాఫీ కోరింది. ఆ ఏడే గ్లెన్‌ఈగల్స్‌లో జీ-8 నాయకులు, ప్రపంచ బ్యాంకు వంటి సంస్థలకు 18 దేశాలు పడ్డ బాకీల రద్దుకు ఒప్పుకున్నారు. అడిగిందంతా రాలేదు, అడగకుంటే అదీ రాదు.

కనుక వితంతువుకు బియ్యమిద్దాం. ఆమె పింఛను దరఖాస్తూ మనమే రాసిపెడదాం. రెండూ సేవే.